సున్నపు నేలలో మేపుల్ చెట్టు

మొన్న ఉగాదికి ముందు మా బడిలో చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టించాము. కడపలో ఎండలు అప్పటికే ముదిరాయి. ఆఫీసు గదిలో కూర్చుని హాజరు పట్టీలు చూసుకుంటుంటే, బయట డ్రమ్ములో సున్నపురాయి బుసబుసమని పొంగిన చప్పుడు, ఆ వెంటనే గొంతులో గరగరలాడే ఆ వేడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చాయి. చేతిలో పెన్ను అలాగే వదిలి బయటికి పరుగెత్తాను. మిగిలిన నీళ్ళు చెట్ల మొదట్లో పోయవద్దని సున్నం కొట్టే పెద్దాయనకు చెప్పాను. ఆయన నవ్వి, "ఏపచెట్టుకు సున్నం ఏం చేస్తాది మేడమ్?" అన్నాడు. నిజమే, వేపచెట్టుకు ఏమీ కాదు. అయినా ఆయన బకెట్ తీసుకెళ్ళి మురుగు కాలువలో కుమ్మరించేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు. కొత్తగా వచ్చిన టీచర్లు నన్ను వింతగా చూశారు. వాళ్ళకు షంషాద్ మేడమ్ తెలియదు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో బేతంచెర్లలోని ఒక ఉన్నత పాఠశాలలో వేశారు. జీవశాస్త్రం టీచరు పోస్టు. మాది ఆలూరు వైపు పల్లె. మా వంశంలో డిగ్రీ దాటిన మొదటిదాన్ని నేనే, ఆ గర్వం నెత్తి మీద కిరీటంలా పెట్టుకుని దిగాను. షంషాద్ మేడమ్ అక్కడ ప్రధానోపాధ్యాయురాలు. ఒంటరి మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు. నేత చీర కొంగు తలమీద కప్పుకుని, ముంజేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకునేవారు. లెక్కలు చెప్పేవారు. బోర్డు మీద లెక్క తప్పితే అందరిలా డస్టరు పెట్టి తుడిచేవారు కాదు. తప్పు మీద ఒక గీత కొట్టి, పక్కన సరైనది వేసేవారు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి ముందు కూడా అంతే. నాకది చాదస్తంగా తోచేది. అద్దెకు ఇల్లు దొరక్క నేను అవస్థ పడుతుంటే, బడి వెనకే ఉన్న తమ ఇంటి మిద్దెమీది గది ఇచ్చారు. అలా బడిలో పైఅధికారి, ఇంట్లో ఇంటి యజమానురాలు ఒకే మనిషి కావడంతో నాకు ఊపిరాడేది కాదు. తప్పించుకోవడానికి ఊళ్ళో ఒక్క మూల కూడా లేదు.

ఆమె పెరట్లో ఒక మేపుల్ మొక్క ఉండేది. బేతంచెర్ల చూసినవాళ్ళకు ఈ మాట నమ్మబుద్ధి కాదు. తవ్వితే బండ, కోస్తే బండ, గాలి వీస్తే బండల పాలిషు దుమ్ము. గుమ్మం ముందు ఆరేసిన నల్ల చీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. అలాంటి చోట మంచు దేశాల చెట్టు. ఆమె తమ్ముడు ఖాజా లారీ తోలేవాడు. హిమాచల్ కొండల్లో ఏదో విడిది గృహానికి బేతంచెర్ల బండలు దింపి వస్తూ, అక్కడి తోటమాలి దగ్గర జానెడు మొక్క అడిగి తీసుకుని, కోసిన నూనె డబ్బాలో పెట్టి, తడి గోనెపట్టా చుట్టి, లారీ క్యాబిన్‌లో తన పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాడట. చలికాలంలో ఆ చెట్టు ఆకులన్నీ నిప్పులా ఎర్రబడతాయని, కొండలకు కొండలే అలా ఉంటాయని అక్కకు చెప్పాడట. హైదరాబాదు దాటి ఉత్తరానికి ఎన్నడూ పోని మనిషి ఆమె. తన పెరట్లో ఆ ఆకు ఎర్రబడటం ఒక్కసారి చూడాలని ఆశ పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి మొక్క నడుమెత్తు పెరిగింది. కానీ ఆకు ఎర్రబడేలోపే అంచులు మాడి రాలిపోయేది.

ఆ చెట్టుకు ఆమె చేసే సేవలు చూసి ఊరంతా నవ్వుకునేది. బండలతో తొట్టి కడతానని మేస్త్రీ వస్తే, రాతిలోని సున్నం వేళ్ళకు తగులుతుందని వద్దని, పెద్ద మట్టి కాగు తెప్పించారు. అందులో నల్లమల అడవినుంచి తెప్పించిన ఆకుమట్టి, ఎర్రమన్ను, వేరుశనగ పొట్టు. పెరట్లో పరిచిన బండలు ఎండకు కాలి సెగ కొడుతున్నాయని ఆ మూలంతా పీకించి మట్టినేల చేశారు. బోరు నీళ్ళు చుక్క కూడా పోయనిచ్చేవారు కాదు. ఆ ఊరి బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది, అది మేపుల్‌కు విషం. అందుకని బజారులో ఏటీఎం గది వెనక ఏసీ పైపు కింద డబ్బా పెట్టి, బొట్టు బొట్టుగా పడే నీళ్ళు పట్టి తెప్పించేవారు. కొన్నాళ్ళకు ఆ డబ్బా మోసే పని నాకు పడింది. ఎమ్మెస్సీ చదివి, పొద్దున్నే ఏసీ నీళ్ళ డబ్బా చంకనెట్టుకుని బజారులో నడవడం నాకు నచ్చలేదు. మట్టిలో సున్నం విరగడానికని మేడమ్ పదిహేను రోజులకోసారి పుల్లమజ్జిగ తేట, ఒక్కోసారి పలుచని చింతపండు నీళ్ళు కూడా పోసేవారు. "మీ మేడమ్ చెట్టుకు చారు పోస్తాందంట కదా, తాళింపు కూడా వేస్తాదా?" అని కూరగాయల అంగట్లో ఒకామె నన్ను ఆపి అడిగింది. ఆకు గోంగూర ఆకులా చీలికలుగా ఉండేసరికి పిల్లలు చాటుగా గోంగూర మేడమ్ అనేవారు.

ఒకసారి ఎవరో పుణ్యాత్ములు మేడమ్ గంజాయి పెంచుతోందని స్టేషనులో చెప్పి వచ్చారు. ఒక కానిస్టేబుల్ మొహమాటపడుతూ వచ్చాడు, అతను ఆమె పాత విద్యార్థే. మేడమ్ కోప్పడలేదు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, కాగు దగ్గరికి తీసుకెళ్ళి, వచ్చిన పని పూర్తిగా చేసి పొమ్మన్నారు. అతను ఆకు నలిపి వాసన చూసి, ఏ వాసనా లేదని కాస్త నిరాశగా చెప్పాడు. మేడమ్ అతనితో ఆకు చీలికలు లెక్కపెట్టించి, గంజాయికీ దీనికీ తేడా చెప్పి పంపారు. నేనైతే ఆ ఫిర్యాదు చేసిందెవరో తెలుసుకుని వాళ్ళింటి ముందు నిలబడి అరిచి వచ్చేదాన్ని. ఆ మాటే అన్నాను. ఆ ఓపిక ఉంటే డబ్బా పట్టుకుని ఏటీఎం దగ్గరికి పోయి రమ్మన్నారు.

ఆ డిసెంబరులో చెట్టు ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలాయి. మా పల్లెల్లో ఆకు రాలిందంటే దాహమని అర్థం. నేను హడావుడిగా రెండు డబ్బాలు తెచ్చి కుమ్మరించబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. "అది నిద్రపోతాండాది. చలికాలం దాని పద్ధతి అది. లేపొద్దు," అన్నారు. ఆకు రాల్చే చెట్ల పాఠం నేను అంతకుముందు వారమే తొమ్మిదో తరగతికి చెప్పాను. పుస్తకంలో ఉన్నది పెరట్లోకి నడిచి రాలేదు, అంతే. ఫిబ్రవరిలో కణుపు కణుపునా చిగురు వచ్చింది. ఆ చిగుళ్ళను చూసి నేనే పెంచినంత సంబరపడ్డాను. అప్పటినుంచి డబ్బా బరువు తెలియలేదు.

ఆ ఏడు రంజాను, పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపు ఒకేసారి వచ్చాయి. మేడమ్ ఉపవాసాలుంటూనే కర్నూలు వెళ్ళి పది రోజులు అక్కడే ఉన్నారు. పోతూ చెట్టును నాకు అప్పగించారు. ఎన్ని నీళ్ళు, ఎప్పుడు, గోనెపట్టా ఎప్పుడు తడపాలి, ఆకుల మీది దుమ్ము ఏ గుడ్డతో తుడవాలి, అన్నీ కాగితం మీద అంకెలు వేసి రాసిచ్చారు. నాకు చిన్నతనంగా అనిపించింది. వృక్షశాస్త్రం చదివింది నేను, లెక్కల టీచరు నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. ఆమె లేనప్పుడే పండక్కు ఇంటికి సున్నం కొట్టింది ఈశ్వరమ్మ. ఆమె మా బడిలో ఊడ్చి, గదులు కడిగే మనిషి. తాత్కాలికపు పని, ఏటా జూన్‌లో హెడ్‌మాస్టరు మళ్ళీ పేరు రాసి పంపితేనే ఉంటుంది. సెలవుల్లో మేడమ్ ఇంటి పనులు చేసేది.

మూడో రోజు పొద్దున కాగు అడుగునుంచి చెదల మట్టి గీత ఒకటి మొదలు దాకా పాకి ఉండటం చూశాను. మా అవ్వ నిమ్మచెట్టుకు చెదలు పడితే సున్నపు తేట పోసేది, చెట్టు నిమ్మళంగా బతికేది. పక్కనే ఈశ్వరమ్మ సున్నపు బకెట్ ఉంది. పైన తేరుకున్న తేట రెండు చెంబులు ముంచి పోశాను. చెదలు చచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. తొట్టి బండది కాకూడదని మట్టి కాగు తెప్పించిన మనిషి ఇంట్లో, బోరు నీళ్ళు కూడా తగలనివ్వని చెట్టుకు, చేజేతులా సున్నం పోశానన్న సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత గానీ తట్టలేదు. అప్పటికి ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము అందని మొక్క లక్షణం అది. ఆ బొమ్మ నేను బోర్డు మీద రంగు సుద్దలతో వేసినదాన్ని. ఏసీ నీళ్ళు డబ్బాలు డబ్బాలు పోసి కడగాలని చూశాను, అంచులు ఇంకా మాడాయి.

పండగ ముందు రోజు మేడమ్ వచ్చారు. సంచి కూడా దించకుండా పెరట్లోకి పోయి, చెట్టు ముందు అలాగే నిలబడిపోయారు. ఖాజా కూడా పండక్కు ఊళ్ళోనే ఉన్నాడు. అతను మట్టి గోకి, తెల్లటి పొర చూసి, ఇంట్లో సున్నం ముట్టింది ఈశ్వరమ్మే కాబట్టి ఇది ఆమె పనే అని తేల్చేశాడు. అక్క ముందే ఆమెను కేకలేశాడు, జూన్‌లో ఆమె పేరు రాయవద్దని కూడా అన్నాడు. ఈశ్వరమ్మ తల వంచుకుని చీపురు గోడకు ఆనించింది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. సంగతి తేలేదాకా పెరటి పనికి రావద్దని మాత్రం మేడమ్ ఆమెకు చెప్పారు. ఈశ్వరమ్మ వెళ్ళిపోయింది.

పండగ రోజు మేడమ్ నాకు ఎప్పటిలాగే సేమియా పంపారు. గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. చెప్తే ఏమవుతుంది? ఉద్యోగం పోదు. కోప్పడతారు, అంతే. కానీ పిల్లల ముందు, టీచర్ల ముందు, వృక్షశాస్త్రం చదివి సున్నం పోసిన మనిషిగా మిగలడం నావల్ల కాలేదు. ఈశ్వరమ్మకు పోయేది తిండి, నాకు పోయేది పరువు. ఆ రెంటినీ తూకం వేసి నాలుగు రోజులు పరువు వైపే మొగ్గాను. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఐదో రోజు పొద్దున నీళ్ళ డబ్బా దించి, మేడమ్ ఎదుట నిలబడి చెప్పాను.

"సున్నపు నీళ్ళు పోసింది నేనే మేడమ్. చెదలు పోతాయనుకొంటి."

ఆమె నా వైపు చూడలేదు, కాగు అంచు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. "ఎన్ని దినాలైంది?" అన్నారు.

"మీరు కర్నూలుకు పోయిన మూడో దినం పోసినాను."

"పోసిందాని గురించి కాదు నేను అడిగేది. నేను వచ్చినాక నువ్వు గమ్మునుండబట్టి ఎన్ని దినాలైంది?"

లెక్క నాకు తెలుసు. నాలుగు అన్నాను.

"ఆ నాలుగు దినాలు నావి కావు సుజాతా, ఈశ్వరమ్మవి. పోయి ఆమెకు చెప్పు. చెట్టు సంగతి తర్వాత చూద్దాం."

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. రైల్వే స్టేషను అవతల, పాలిషు ఫ్యాక్టరీల వెనక, ముక్కబండలు నిలబెట్టి కట్టుకున్న ఇల్లు ఈశ్వరమ్మది. నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. చెప్పడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. ఆమె సగంలోనే ఆపేసింది.

"నువ్వు పోసేది నేను చూస్తి టీచరమ్మా. చెట్టుకు మంచిదే కదా అని గమ్మునుంటి. నువ్వు పొయ్యకుంటే నేనే పోస్తాంటి."

అలాంటప్పుడు ఖాజా అరిచినప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె చేట దించి నా వైపు చూసింది. "నేను చెప్తే నీ మింద చాడీ చెప్పినట్లైతాది. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్తావులే అనుకొంటి," అంది.

ఆ తర్వాత మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను. మరుసటి రోజు మేడమ్ ఖాజాను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. జూన్‌లో ఈశ్వరమ్మ పేరు జాబితాలో మొదట ఉంది. నాతో మాత్రం మేడమ్ ఒక నెల దాకా బడి పనికి తప్ప మాట్లాడలేదు.

చెట్టు వెంటనే చావలేదు. ముగ్గురం కలిసి కాగులోంచి తీసి, వేళ్ళు ఏసీ నీళ్ళతో కడిగి, నల్లబడినవి కత్తిరించి, కొత్త ఆకుమట్టిలో పెట్టాము. ఈశ్వరమ్మ పట్టుకుంటే నేను కడిగాను, మేడమ్ కత్తిరించారు. ఒక పక్క కొమ్మలన్నీ ఎండిపోయాయి, రెండో పక్క వానాకాలానికి చిగురించింది. ఆ డిసెంబరులో వారం రోజులు మాకు ఎన్నడూ లేనంత చలి పెట్టింది. పిల్లలు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని బడికి వచ్చారు. ఒక పొద్దున నేను నీళ్ళకు దిగితే, చివరి కొమ్మన మూడు ఆకులు ఎర్రగా ఉన్నాయి. మాడిన ఎరుపు కాదు, ఎండలో పట్టి చూస్తే అవతలి వెలుగు కనిపించే ఎరుపు. మేడమ్‌ను పిలిచాను. ఆమె కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు. మొదటి గంట కొట్టినా లేవలేదు. అంత సర్వీసులో ఆమె తప్పిన పీరియడు అదొక్కటేననుకుంటాను. ఆ పూట ఆమె లెక్కల క్లాసు నేను తీసుకున్నాను, చాలా తప్పులు చెప్పాను. నెల తిరక్కుండా ఆకులు రాలాయి.

ఆ మరుసటి మే నెల వడగాలికి చెట్టు పోయింది. తడి గోనెలు, నీడ పందిరి, ఏమీ ఆపలేకపోయాయి. మేడమ్ ఎండిన చెట్టును పారేయలేదు. జూన్‌లో బడి తెరిచాక, కాగును వరండాలోకి మోయించి, పదో తరగతి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, వాళ్ళ ముందే పెకలించారు. వేళ్ళు పుటుక్కున విరిగాయి. పాత వేళ్ళ మీద అక్కడక్కడ తెల్లటి పెచ్చు ఇంకా ఉంది. అది నాకు కనిపించింది. ఒక పిల్ల లేచి, ఎండకు చచ్చిందా అని అడిగింది. నేను పిల్లల వెనక నిలబడి ఉన్నాను. ఇప్పుడు నా పేరు వస్తుందని గోడ పట్టుకున్నాను.

"ఎండకు అనేది సులువు," అన్నారు మేడమ్. "ఈ ఎండలో, ఈ నీళ్ళలో ఇది బతకదని నాకు మొదటి ఏడే తెలిసింది. అప్పుడే ఖాజా లారీలో వెనక్కి పంపల్సింది. ఆకు ఎర్రబడేది చూడల్లని ఆశపడి పెట్టుకొంటి. దీన్ని చంపింది నా ఆశ. తప్పు నాది. రాసుకోండి."

పిల్లలు నిజంగానే నోటు పుస్తకాలు తెరిచి రాసుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను వరండా స్తంభం చాటుకు పోయాను. నన్ను కాపాడటానికే ఆమె అలా అన్నారనుకున్నాను. గుండె నిండిపోయింది. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆఫీసు గదిలోకి వెళ్ళి, నా సున్నం మాట పిల్లల ముందు ఎత్తనందుకు దండం పెట్టబోయాను.

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నీ గురించి కాదు నేను చెప్పింది. దాంట్లో నీ భాగం నీకుండాది, అది నువ్వు చెప్పుకోవల్ల. నాది నేను చెప్పుకొంటి. నాది చెప్పుకున్నందుకు నీది తగ్గదు," అన్నారు.

ఆ క్షణంలో ఎంత కఠినమైన మనిషి అనుకున్నాను. ఇంటికి పోయి ఏడ్చాను కూడా. మర్నాడు ప్రార్థన అయ్యాక పదో తరగతికి వెళ్ళి, బోర్డు మీద పసుపు తిరిగిన ఆకు బొమ్మ వేసి, సున్నం పోసింది ఎవరో, ఎందుకో, చెప్పకుండా ఎన్ని రోజులు దాచిందో, ఆ రోజులు ఎవరు మోశారో చెప్పాను. గది బయట ఈశ్వరమ్మ ఊడుస్తూ ఉంది, చీపురు చప్పుడు ఆగడం నాకు వినిపించింది. పిల్లలు ఎవరూ నవ్వలేదు. వాళ్ళు కూడా అది రాసుకున్నారు.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు ఆమెలాగే ప్రధానోపాధ్యాయురాలి కుర్చీలో కూర్చుంటున్నాను. మంచి టీచరునయ్యానో లేదో చెప్పలేను, కోపం మాత్రం తగ్గలేదు. అయితే ఎవరైనా వచ్చి తప్పు తమదని చెప్తే, ఓదార్చడానికి దాన్ని నేను పంచుకోను, మన్నించినట్టు నటించి చిన్నది చేయను. పూర్తిగా విని, అది ఎవరి మీద పడిందో వాళ్ళ దగ్గరికి పంపుతాను. ఆ మేపుల్ చావులో నా సున్నం ఎంత, ఎండ ఎంత, ఆమె ఆశ ఎంత అన్నది ఏ ప్రయోగశాలలోనూ తేలదు. ఆమె తన భాగం తీసుకుని వెళ్ళిపోయారు. నా భాగం నా దగ్గరే ఉంది, ఇన్నేళ్ళలో ఒక్క ఆకంత కూడా తగ్గలేదు.